జీపీయూనా, ఆటో కాంటూరింగా?
చెన్నైకి నెల్లూరు, చిత్తూరు నుంచి క్యాన్సర్ చికిత్సకొచ్చే మనవాళ్లు తరచూ అడిగే మాట: "స్కాన్ అయిపోయిందిగా సార్, రేడియేషన్ ఎప్పుడు మొదలుపెడతారు?" ఆ మధ్యలో నడిచేది ప్లానింగ్, అంటే స్కాన్‌లో కణితి, అవయవాల హద్దులు గీసి, ఎటునుంచి ఎంత రేడియేషన్ ఇవ్వాలో లెక్కకట్టడం. దాన్ని త్వరగా ముగించడానికి రెండు దారులున్నాయి.

ఒకటి జీపీయూ, అంటే వేల లెక్కల్ని ఒకేసారి చేసే కంప్యూటర్ చిప్. వీఎంఏటీ (తిరుగుతూనే రేడియేషన్ ఇచ్చే పద్ధతి)లో మెషిన్ రోగి చుట్టూ ఒకసారి తిరిగితే, రెండేసి డిగ్రీలకు ఒకటి లెక్కన 180 దాకా స్థానాల నుంచి పడే డోసు లెక్కకట్టాలి. ఈ లెక్కలు చాలావరకు విడివిడివి, కాబట్టి జీపీయూలోని వేల కోర్లు (చిన్న చిన్న లెక్క యూనిట్లు) పంచుకుంటాయి. రేడియేషన్ కణాల దారుల్ని పాచికలేసినట్టు అనుకరించి డోసు తేల్చే మాంటే కార్లో పద్ధతికైతే ఇది వరమే. అందులో నాయిస్ (ఫలితంలో ఊగిసలాట) సగం కావాలంటే నాలుగు రెట్లు కణాల్ని లెక్కించాలి మరి!

రెండోది ఆటో కాంటూరింగ్, అంటే స్కాన్‌లో అవయవాల హద్దుల్ని సాఫ్ట్‌వేరే గీయడం. తల, మెడ కేసుల్లో లాలాజల గ్రంథులు, వెన్నుపాము, దవడ ఎముక... అన్నిటినీ స్లైసు స్లైసుకీ చేత్తో గీస్తూ కూర్చుంటే గంటలు కరిగిపోతాయి. సాఫ్ట్‌వేర్ నిమిషాల్లో గీసిచ్చేస్తుంది. డాక్టరు దిద్దక తప్పదు. కణితి హద్దు ఎక్కడన్నది మాత్రం ఆయనే తేల్చాలి.

కొత్తగా డబ్బు పెట్టేవాళ్లకు నా ఓటు రెండోదానికే. కంప్యూటర్ లెక్క చేస్తుంటే ఫిల్టర్ కాఫీ తాగి రావచ్చు, గీస్తున్న మనిషి కుర్చీలోంచి లేవలేడు. రోగి బల్ల మీద ఉండగానే ప్లాన్ మార్చే చోట అయితే రెండూ కావాల్సిందే.