సెల్లార్‌లో వాన నీళ్లు: గోడకు పూత మేలా, కాలువ తీసి పంపు పెట్టడం మేలా?

హైదరాబాద్‌లో గట్టి వాన పడిన మర్నాడు అసోసియేషన్ మీటింగుల్లో మూడు మాటలు వినిపిస్తాయి. లోపలి గోడకు వాటర్‌ప్రూఫింగ్ చేయిద్దాం, బయట తవ్విద్దాం, గుంత తీసి మోటార్ పెడదాం. కొటేషన్లు తెప్పించే ముందు నీళ్లు ఎటునుంచి వస్తున్నాయో చూడండి.

వాన పడుతుండగా వచ్చి, వెలియగానే ఆగిపోతే అవి ర్యాంపు మీదుగా దిగే రోడ్డు నీళ్లు. వాటికి గోడ పూతతో పనే లేదు. ర్యాంపు పైన స్పీడ్ బ్రేకర్ అంత మిట్ట, కింద అడ్డంగా గ్రేటింగ్ కాలువ పెట్టించండి.

వాన వెలిసి రెండు రోజులైనా గోడా ఫ్లోరూ కలిసే చోట సన్నగా ఊరుతుంటే అది ఊట. ఇక్కడ రాయి తొలిచి దించిన సెల్లార్లు ఎక్కువ. రాయి నీటిని పీల్చుకోదు కాబట్టి, మట్టిలోకి ఇంకిన నీళ్లు రాతి మీద నిలిచి, పగుళ్ల వెంట గోడ వెనక్కి చేరతాయి. అక్కడ మూడు మీటర్ల ఎత్తున నీళ్లు నిలిస్తే గోడ అడుగున చదరపు మీటరుకు సుమారు మూడు టన్నుల ఒత్తిడి. లోపల వేసిన మామూలు పెయింట్ ఆ ఒత్తిడికి పెచ్చులుగా రాలిపోతుంది. క్రిస్టలైన్ కోటింగ్ (కాంక్రీటు రంధ్రాల్లో స్ఫటికాలు పెరిగి నీటిని ఆపే పూత) కొంత నయం, తడి కాంక్రీటులోనే పనిచేస్తుంది. కానీ అది సన్నటి పగుళ్లకే. ధార కారే చోట పీయూ గ్రౌటింగ్ (పగుళ్లలోకి పాలీయురెథేన్ రసాయనం ఎక్కించడం) చేయిస్తే, ఆ రసాయనం నీరు తగలగానే ఉబ్బి ఆ సందును మూసేస్తుంది. అయితే చాలాసార్లు ఆ నీరే ఇంకోచోట దారి చేసుకుంటుంది.

బయటి వాటర్‌ప్రూఫింగే అసలైన మందు, కాకపోతే గోడ వెనక మట్టి నింపక ముందే చేయాలి. కొత్తగా కట్టుకునేవాళ్లు ఇక్కడ మాత్రం పొదుపు చూడొద్దు. జనం కాపురముంటున్న బిల్డింగులో మాత్రం పైపులు, కేబుళ్లు, పక్కవాళ్ల పునాది అడ్డొస్తాయి.

కాబట్టి పాత అపార్ట్‌మెంట్లకు నేను చెప్పేది కాలువా పంపే. గోడ వెంట జానెడు వెడల్పు కాలువ, మూలన గుంత, అందులో ఫ్లోట్ స్విచ్ (నీటి మట్టం పెరగగానే మోటార్‌ను దానంతటదే ఆన్ చేసే స్విచ్) ఉన్న మడ్డి నీళ్ల పంపు. తోడిన నీళ్లు వాన కాలువలోకే పోవాలి, డ్రైనేజీలోకి కాదు. సెల్లార్ గోడ పక్కనే ఉన్న ఇంకుడు గుంతలోకి అసలే వదలొద్దు, అవే తిరిగొస్తాయి.

ఈ పద్ధతిలో భయమల్లా కరెంటుతోనే. గాలివానకు ముందు పోయేది అదే, కాబట్టి పంపును జనరేటర్ లైనుకు కలపాలి, స్పేర్ పంపు ఒకటి ఉంచాలి. మీటర్ బోర్డులు సెల్లార్‌లో ఉంటే పైకి మార్పించండి. నీళ్లు నిలిచినప్పుడు సప్లై ఆపించకుండా ఎవర్నీ దిగనివ్వొద్దు. చాలాచోట్ల వాచ్‌మన్ కుటుంబం పడుకునేది ఆ సెల్లార్ గదిలోనే. నీటి మట్టం పెరిగితే మోగే అలారం ఒకటి బ్యాటరీతో పెట్టించండి, భారీ వర్షం హెచ్చరిక ఉన్న రాత్రి వాళ్లకు పైన ఒక గది ఇవ్వండి.