కౌంటా, గంటలా? పాత రిక్వైర్‌మెంట్ల వాడకం కొలవడానికి ఏది మేలు

మేముండేది ఒంగోలు. చీమకుర్తిలో ఒక గ్రానైట్ ఫ్యాక్టరీకి ఈఆర్పీ (కొనుగోళ్లు, స్టాకు, బిల్లులు అన్నీ ఒకేచోట నడిపే సాఫ్ట్‌వేర్) చేసిపెట్టాక, నెల్లూరు వైపు రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటు పని వచ్చింది. పాత రిక్వైర్‌మెంట్లు, అంటే సాఫ్ట్‌వేర్ ఏం చేయాలో రాసుకున్న వాక్యాలు, ఎంత శాతం పనికొచ్చాయో చెప్పమన్నారు మేనేజరు. పేచీ అక్కడ మొదలైంది.

తేలిక దారి, తలలు లెక్కపెట్టడం. 200లో 140 పాత ఫైలువే అనుకోండి, 70 శాతం. ఎక్సెల్‌లో ఐదు నిమిషాల పని, పైవాళ్లకు చూపించడానికీ బాగుంటుంది. కానీ "పాస్‌వర్డ్ మర్చిపోతే ఓటీపీ పంపాలి" అన్నదీ ఒకటే, "సరుకు అందగానే కొలత నమోదు చేసి ధర కట్టాలి" అన్నదీ ఒకటే. ఆ రెండోదే మా కొంప ముంచింది. గ్రానైట్‌లో కొలతంటే బ్లాకు పొడవు, వెడల్పు, ఎత్తు. రొయ్యల్లో బరువు, కౌంటు. 30 కౌంటంటే కిలోకు 30 రొయ్యలు, 100 కౌంటంటే 100. కౌంటు తగ్గేకొద్దీ రొయ్య పెద్దది, రేటూ ఎక్కువ. వాక్యంలో అక్షరం మారలేదు. దాని కిందున్న స్క్రీను, ధర కట్టే లెక్క, టెస్టు కేసులు (సరిగ్గా పనిచేస్తోందో లేదో చూసే పరీక్షలు) అన్నీ మళ్లీ రాసుకున్నాం. రిపోర్టులో మాత్రం అది "పాతదే". ఎన్ని రొయ్యలున్నాయో మాత్రమే చెబితే చెరువు గట్టున ఎవరైనా ధర కడతారా?

గంటల లెక్క, అంటే పాతది వాడుకోవడం వల్ల ఎన్ని గంటల పని మిగిలిందో చూడటం, నిజానికి దగ్గర. కాకపోతే "కొత్తగా రాసుంటే ఇన్ని గంటలు పట్టేది" అన్నది ఊహే. ఇక టైమ్‌షీట్లంటారా, వారమంతటివీ శుక్రవారం సాయంత్రం గుర్తు చేసుకుని నింపేవే. నాదీ అంతే.

కోడ్ విషయంలో, సాఫ్ట్‌వేర్ పునర్వినియోగాన్ని ఎలా కొలవాలో పుస్తకం రాసిన జెఫ్రీ పౌలిన్ 1990ల్లోనే గట్టిగా చెప్పాడు: మార్చి వాడుకున్నదాన్ని పునర్వినియోగంలో కలపొద్దని. ఉన్నది ఉన్నట్టు వాడుకుంటే ఖర్చు కొత్తదానిలో సుమారు 0.2 వంతు, మళ్లీ వాడుకునేలా రాయాలంటే 1.5 రెట్లు అన్నది ఆయన అంచనా.

నా ఓటు గంటలకే, ఒక షరతు మీద. టెస్టు కేసులు కూడా మారకుండా వచ్చినదాన్నే "పాతది" అనాలి. మిగతావన్నీ "సర్దినవి", వాటి గంటలు వేరే గడిలో.

అలా వడపోస్తే మాకు మిగిలినవాటిలో ఈ-ఇన్వాయిస్ (బిల్లును జీఎస్టీ పోర్టల్‌లో నమోదు చేయడం) ఒకటి. ఎంత టర్నోవర్ దాటితే అది తప్పనిసరో ఆ పరిమితి 2020 అక్టోబరులో 500 కోట్లు, 2023 ఆగస్టుకు 5 కోట్లు. అంకె రాయకుండా "పరిమితిని సెట్టింగులో మార్చుకోగలగాలి" అని గ్రానైట్ నాడు రాస్తుంటే, పని పెంచుతున్నావని విసుక్కున్నారు. రొయ్యల ప్లాంటుకు అది టెస్టులతో సహా అలాగే వచ్చేసింది.