కొండ మీది ఆకాశాన్ని కోయని పటాల షాపు

నెల్లూరులో మంచి పెయింటింగ్ ప్రింటు తీయించి ఫ్రేము కట్టించుకోవాలంటే చిన్నబజారు సందులో ఉన్న పటాల షాపుకి వెళ్లండి. దేవుడి పటాలు, పెళ్లి ఫొటోలు కట్టే పాత షాపే, ఇప్పుడు లోపల ప్రింటర్ కూడా పెట్టారు. నేను అక్కడ ఫెర్డినాండ్ హోడ్లర్ వేసిన నీసెన్ కొండ బొమ్మ చేయించుకున్నా. ఐదుకి నాలుగున్నర ఇస్తా.

హోడ్లర్ స్విట్జర్లాండ్ చిత్రకారుడు, 1853లో బెర్న్‌లో పుట్టాడు. కుర్రాడిగా ఉన్నప్పుడు తూన్ ఊళ్లో, టూరిస్టులకి అమ్మే ఆల్ప్స్ బొమ్మలు వేసే ఒకాయన దగ్గర పని నేర్చుకున్నాడు. ఆ ఊరి సరస్సు ఒడ్డునే ఉంటుంది నీసెన్, 2,362 మీటర్ల ఎత్తు, స్విస్ పిరమిడ్ అంటారు దాన్ని. పైకి రైలు 1910లో మొదలైంది, పట్టాల పక్కనే 11,674 మెట్లు (మన అలిపిరి మెట్లు 3,550, ఆలోచించుకోండి). నేను చేయించుకున్న బొమ్మా 1910దే, కానీ అందులో రైలూ లేదు, ఇల్లూ లేదు, మనిషీ లేడు. నీలం కొండ, దాని చుట్టూ తేలే మబ్బు తునకలు, కింద నీళ్లు, అంతే. రూపాల్ని రెండు పక్కలా సరిసమానంగా, మళ్లీ మళ్లీ వచ్చేలా పేర్చడం హోడ్లర్ పద్ధతి, దానికి పారలెలిజం అని పేరు. అందుకే ఈ బొమ్మని ఒక పక్క కొంచెం కోసినా మొత్తం పోయినట్టే.

ముందు వేరే చోట ఇస్తే ఫ్రేము సైజు కోసమని పైన ఆకాశం కోసేశారు, రంగులు పెంచి మెరిసే గ్లాసీ కాగితం మీద కొట్టారు, కొండ ఊదా రంగుకి తిరిగింది. చాలా బాధేసింది.

ఇక్కడ ఓనరు కోయకముందే అడిగాడు, "అన్నా, పైన ఖాళీ ఎక్కువుంది, కోస్తే కొండ పెద్దగా కనబడుద్ది, కోసేదా?" అని. వద్దని, ఎందుకో చెప్పా. వెంటనే స్కేలు తీసి స్క్రీన్ మీదే పెట్టి శిఖరం రెండు అంచులకీ సమానంగా ఉందా అని కొలిచాడు. తర్వాత లేత నీలం ముదురు నీలంలోకి మారే చోటు ఒక్కటే చిన్న ముక్కగా మెరుపు లేని మ్యాట్ కాగితం మీద ప్రింటు తీసి, ట్యూబ్‌లైటు కింద కాదని చెప్పి, బయట పగటి వెలుతురులోకి తీసుకెళ్లి ఫోన్‌లో బొమ్మ పక్కన పెట్టి చూపించాడు. ఎరుపు ఎక్కువైందని తనే పసిగట్టి తగ్గించాడు. ఈ ఓపిక నేను ఇంకెక్కడా చూడలేదు.

ఫ్రేముకి టేకు బీడింగ్, గ్లాసు కాగితానికి అంటుకోకుండా మధ్యలో రెండు వేళ్ల వెడల్పు తెల్ల అట్ట అంచు (మౌంట్). మన ఊరి ఉక్కకి ఇది తప్పనిసరి, లేకపోతే చెమ్మ పట్టి మచ్చలొస్తాయి. వెనక టేపుతో మూసేశాడు కాబట్టి పురుగు భయం కూడా తక్కువ. అన్నీ కలిపి 2,000 లోపే అయింది.

అర మార్కు తగ్గించింది ఒక మూల బీడింగ్ కలిసే చోట సన్నటి సందుందని. పుట్టీ పెట్టి రంగేశారు గానీ దగ్గరికెళితే కనిపిస్తుంది.

హోడ్లర్ 1918లో పోయాడు, కాపీరైట్ గొడవ లేదు, నెట్‌లో పెద్ద సైజు ఫైల్ వెతికి పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లండి, వాట్సాప్‌లో పంపితే నీలాల్లో చారలొస్తాయి. పెళ్లిళ్ల సీజన్‌లో మాత్రం వెళ్లకండి, అప్పుడు ఆయనకి ముక్క ప్రింటు తీసి చూపించే తీరిక ఉండదు.