డెడ్‌లిఫ్ట్ ఫామ్ కుదరాలంటే ఏది మేలు: పాజా, డెఫిసిటా, బ్లాక్ పుల్లా?

డెడ్‌లిఫ్ట్ అంటే నేల మీది బార్‌ను వంగి పట్టుకుని, నిటారుగా నిలబడేదాకా లాగడం. ముందు మీ సెట్‌ను ఒకసారి పక్కనుంచి వీడియో తీసి చూసుకోండి. బార్ కదలకముందే పిరుదులు లేచిపోతున్నాయా, బార్ కాళ్లకు దూరంగా ముందుకు జరుగుతోందా, లేక వంగి పట్టుకునేటప్పుడే నడుము గుండ్రమవుతోందా? వీటన్నిటికీ మందు ఒకటి కాదు.

మొదటి రెండింటికీ నా ఓటు పాజ్ డెడ్‌లిఫ్ట్‌కే. బార్ నేల మీంచి రెండు మూడు అంగుళాలు లేవగానే రెండు సెకన్లు ఆపి, అక్కడి నుంచి పైకి లాగాలి. మామూలుగా విసురు మీద దాటేసే చోటే ఇక్కడ ఆగాలి కాబట్టి, బార్ పాదం మధ్య భాగానికి సూటిగా లేకపోయినా, చంకలు బిగించకపోయినా అక్కడే తెలిసిపోతుంది, ఎవరూ చెప్పక్కర్లేదు. పిరుదులు ముందే లేవడానికి చాలాసార్లు కారణం, స్క్వాట్‌లా మరీ కిందికి కూర్చుని మొదలుపెట్టడం. కాస్త పైనే ఉంచి, బార్‌కీ ప్లేట్లకీ మధ్య వదులు పోయి ‘టక్’ మనేదాకా లాగి పట్టి, అప్పుడు కాళ్లతో నేలను తొక్కండి. మీరు ఎత్తగలిగే గరిష్ఠ బరువులో 60 శాతం చాలు, మూడేసి రెప్స్, నాలుగు సెట్లు.

ఇక నడుము గుండ్రమయ్యేవాళ్లు. వీళ్ల గురించే నాకు ఎక్కువ బాధ. పోటీల్లో వాడే పెద్ద ప్లేటు అడ్డుకొలత 45 సెంటీమీటర్లు, అంటే బార్ నేలకు 22.5 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. మన వీధి జిమ్‌లలో 10 కిలోల ఇనుప ప్లేటు దానికంటే బాగా చిన్నది. 20 కిలోల బార్‌కి చెరో ప్లేటు తగిలించి 40 కిలోలు లాగే కొత్తవాళ్లు తెలియకుండానే డెఫిసిట్, అంటే బార్‌ను మామూలుకంటే కిందనుంచి లాగడం, చేస్తున్నారు, పైగా నడుము వంచుతున్నారని తిట్లు! వీళ్లకి బ్లాక్ పుల్లే మేలు. ప్లేట్ల కింద రబ్బరు మ్యాట్లో చెక్క దిమ్మలో, ఏవీ లేకపోతే పడుకోబెట్టిన వేరే ప్లేట్లో పెట్టి ఎత్తు సరిచేయండి. అప్పటికీ నడుము నిలవకపోతే బార్‌ను మోకాలి కిందిదాకా ఎత్తి పెట్టుకుని, కుదిరే కొద్దీ అంగుళం చొప్పున దించుకుంటూ రండి. ఒక్క జాగ్రత్త, ఎత్తు మీద బరువు ఎక్కువ లేస్తుంది, దానికి మురిసిపోయి చాలామంది అక్కడే ఉండిపోతారు.

డెఫిసిట్ చెడ్డదని కాదు. నేల దగ్గర బార్ కదలక ఇబ్బంది పడేవాళ్లకి బలం తెస్తుంది, కానీ ఉన్న తప్పును సరిచేయదు, ఇంకా పెంచుతుంది. పాజ్ రెప్స్ వీడియోలో నాలుగు సెట్లూ ఒకేలా కనిపించాక, రెండు మూడు సెంటీమీటర్ల మందం ఉన్న ప్లేటు మీద నిలబడి మొదలుపెట్టండి. ఆ మందం ఐదు సెంటీమీటర్లు దాటక్కర్లేదు.