బేగంబజార్ బ్యాటరీ జీపు: ఏడు నెలల వాడకం, రెండు బ్యాటరీలు, ఒక కరెంటు గొడవ

మావాడికి మూడున్నరేళ్లు. పక్క ఫ్లాట్‌లో పుట్టినరోజుకి వెళ్లి, పిల్లలు ఎక్కి నడిపే బ్యాటరీ బొమ్మ జీపు చూసొచ్చిన దగ్గర్నుంచి ఒకటే పాట, జీపు కావాలి, జీపు కావాలి. ఏప్రిల్లో హైదరాబాద్ బేగంబజార్ వెళ్లి కొన్నాను. ఇప్పుడు నవంబర్. ఈ ఏడు నెలల్లో ఏం బాగుంది, ఏం పాడైంది, కరెంటు ఎంత తాగింది అన్నీ రాస్తున్నా, ఎందుకంటే కొనేముందు నేను వెతికినప్పుడు దొరికిన రివ్యూలన్నీ డబ్బా విప్పిన రోజు రాసినవే. "సూపర్ ప్రొడక్ట్, మా బాబు చాలా హ్యాపీ." ఆ రోజు ఎవరి బాబైనా హ్యాపీగానే ఉంటాడు కదా!

ముందు దుకాణం సంగతి. ఆన్‌లైన్‌లో పన్నెండు వేలు చూపిస్తున్న అలాంటి జీపునే బేగంబజార్లో ముందు పదమూడున్నర చెప్పి, నేను రెండు అడుగులు బయటికి వేసేసరికి తొమ్మిది వేల ఎనిమిది వందలకి ఇచ్చాడు. దుకాణం పేరు రాయను, అక్కడ వరసగా ఉన్న దుకాణాలన్నిట్లో ఇవే బండ్లు, ఇవే మాటలు. బిల్లు మీద స్టాంపు గుద్ది ఇచ్చాడు, వాపసు లేదు, మార్పిడి లేదు అని. వారంటీ ఎంత అన్నా అంటే "ఇక్కడే నడిపి చూస్కోండి సార్, నడిస్తే తీస్కపోండి" అన్నాడు. కనీసం అబద్ధం చెప్పలేదు.

కానీ ఒక మాట మాత్రం నన్ను తప్పుదారి పట్టించేదే. "దాంట్లో ఒక్కటే బ్యాటరీ సార్, దీంట్లో రెండు" అని ఇంకో మోడల్ చూపించి పదిహేను వందలు ఎక్కువ చెప్పాడు. సీటు తీసి చూపించమన్నాను. ఆ రెండూ 6 వోల్టులు, 4.5 ఏహెచ్ (ఆంపియర్ అవర్లు, బ్యాటరీలో ఎంత పడుతుందో చెప్పే లెక్క) బ్యాటరీలు. టార్చిలైటులో సెల్స్ ఒకదాని వెనక ఒకటి వేసినట్టు ఈ రెంటినీ కలిపితే వోల్టులు 12 అవుతాయి కానీ ఏహెచ్ మాత్రం 4.5 దగ్గరే ఉంటుంది. అంటే 54 వాట్ అవర్లు. నేను తీసుకున్నదాంట్లో 12 వోల్టులు, 7 ఏహెచ్ ది ఒక్కటే ఉంది, 84 వాట్ అవర్లు. ఒక్క బ్యాటరీ ఉన్నదే ఎక్కువసేపు నడుస్తుంది! కాబట్టి ఎన్ని బ్యాటరీలు అని అడక్కండి, సీటు లేపి దాని మీద రాసింది చదవండి, వోల్టులని ఏహెచ్‌తో గుణించుకోండి, అంతే. మోటార్ల విషయం కూడా ఇలాంటిదే. నాలుగు మోటార్లు అని డబ్బా మీద ఉంటుంది, అందులో చక్రాలని తిప్పేవి రెండే కావచ్చు, మిగతావి స్టీరింగుకి, బండిని ఉయ్యాల్లా ఊపే బటన్‌కి. ఆ ఊపుడు మావాడు రెండో రోజు తర్వాత ముట్టుకోలేదు.

ఏ వయసుకి ఏది అంటే, రెండేళ్ల లోపు పిల్లలకి 6 వోల్టుల చిన్నవి చాలు, మూడు దాటితే అవి బరువుకి ఈడుస్తాయి. 12 వోల్టులది కొంటే పిల్లాడికి ఐదారేళ్లు వచ్చేదాకా సరిపోతుంది. 24 వోల్టులవి చూశాను, వాటి వేగం చూసి నాకే భయమేసింది, ఫ్లాట్లలో ఉండేవాళ్లకి అనవసరం. మాదానికి నెమ్మది, వేగం అని రెండు స్థాయిలున్నాయి, నెమ్మదిలో మనం పక్కన మామూలుగా నడిస్తే సరిపోతుంది. రిమోట్ మన చేతిలో ఉంటుంది, మనం నొక్కగానే వాడి కాలి కింద పెడల్ పనిచేయదు. ఈ ఒక్క సౌకర్యం లేని బండి మాత్రం ఎంత చవగ్గా వచ్చినా తీసుకోవద్దు. సెల్లార్లో నిజం కార్లు వస్తూ పోతూ ఉంటాయి, వీడు సరిగ్గా ర్యాంపు వైపే తిప్పుతాడు.

ఐఎస్ఐ గుర్తు ఉందో లేదో కూడా చూడండి. 2021 జనవరి నుంచి బొమ్మలకి అది తప్పనిసరి, కరెంటు, బ్యాటరీ బొమ్మలకి వర్తించే ప్రమాణం ఐఎస్ 15644. గుర్తు పక్కన లైసెన్స్ నంబర్ ఉంటే, ఆ గుర్తు ఇచ్చే ప్రభుత్వ సంస్థదే బీఐఎస్ కేర్ అని యాప్ ఉంది, అందులో కొట్టి చూడొచ్చు. నేను దుకాణంలో నిలబడి కొట్టి చూస్తుంటే ఆయన నన్ను ఇన్‌కంటాక్స్ ఆఫీసర్ని చూసినట్టు చూశాడు.

ఇక చక్రాలు. నాకు ఇక్కడ దెబ్బ పడింది. గట్టి ప్లాస్టిక్ చక్రాలు, టైల్స్ మీద పెట్టి పెడల్ నొక్కితే బండి ముందుకి పోకుండా చక్రాలు అక్కడే గిర్రున తిరుగుతాయి. టెర్రస్ మీద అయితే చప్పుడు, కింద ఫ్లాట్ అంకుల్ రెండుసార్లు పైకొచ్చారు పాపం. ఫోమ్ టైర్లున్న మోడల్‌కి రెండు వేలు ఎక్కువ, అప్పుడు పిసినారితనం చేశాను. తర్వాత పంక్చర్ షాపులో పాత స్కూటర్ ట్యూబు అడిగి తెచ్చి, పట్టీల్లా కోసి వెనక చక్రాలకి బిగుతుగా తొడిగాను. ఖర్చు సున్నా. పట్టు వచ్చింది, చప్పుడు సగం తగ్గింది. నెలా రెండు నెలలకోసారి మళ్లీ తొడగాలి.

చార్జింగ్. ఒకసారి పూర్తిగా ఎక్కిస్తే మావాడు ఒక్కడే నడిపితే గంట దాకా వస్తుంది, మా అక్క కూతురు వచ్చి ఇద్దరూ ఎక్కితే ముప్పావు గంటకే మూలుగుతుంది. ఆ గంట ఆటకి పది గంటలు చార్జింగ్ పెట్టాలి, ఇచ్చే చార్జరు చిన్నది, ఒక్క ఆంపియర్‌ది. త్వరగా ఎక్కాలని పెద్ద చార్జర్ పెట్టకండి, బ్యాటరీ ఉబ్బుతుంది. అలాగని రోజంతా వదిలేయడమూ మంచిది కాదు, నేను రాత్రి తొమ్మిదింటికి పెట్టి పొద్దున పాలు తెచ్చేటప్పుడు తీసేస్తా. ఇంకోటి, ఇన్వర్టర్ లైనులో లేని ప్లగ్గులోనే పెట్టండి. కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ బ్యాటరీలోంచి జీపు బ్యాటరీలోకి పోస్తే ఒక చెంబులోంచి ఇంకో చెంబులోకి ఒలకబోసుకుంటూ పోసినట్టే.

ఇప్పుడు అసలు గొడవ. మా అమ్మకి ఇంట్లో ఎవరూ లేని గదిలో లైటు వెలిగితే నిద్ర పట్టదు. పది గంటలపాటు ఒక బొమ్మ గోడకి తగిలించి ఉంటే ఇక చెప్పాలా. మేలో 236 యూనిట్లు వచ్చాయి. "ఇదంతా నీ జీపు పుణ్యమే" అంది. కాదమ్మా, కూలర్ అన్నాను. అది 180 వాట్లది, రాత్రి ఎనిమిది గంటలు నడిస్తే నెలకి 43 యూనిట్లు. నమ్మలేదు. అప్పుడు యూనిట్లు చూపించే స్మార్ట్ ప్లగ్ ఒకటి తెచ్చి జీపు చార్జర్‌కి పెట్టాను. ఒకసారి చార్జింగ్‌కి 0.13 నుంచి 0.15 యూనిట్. బ్యాటరీలో పట్టేది 84 వాట్ అవర్లు, అంటే 0.084 యూనిటే, మిగతాది చార్జర్ వేడిలోనూ బ్యాటరీ ఎక్కించుకోవడంలోనూ పోతుంది. నెలకి పద్నాలుగు పదిహేనుసార్లు పెడతాం, అంటే రెండు యూనిట్లు. పది రూపాయల లెక్క. మా గీజరు రెండు వేల వాట్లది, నాలుగు నిమిషాలు వేస్తే ఒక జీపు చార్జింగ్ అయిపోయినట్టే. నేను గెలిచాననుకున్నాను.

జులై బిల్లు 201 యూనిట్లు.

తెలంగాణలో ఉన్నవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు, మిగతావాళ్ల కోసం చెప్తా. మా బిల్లులోని రేట్ల ప్రకారం 200 లోపు అయితే మొదటి వందకి యూనిట్ 3.40, తర్వాతి వందకి 4.80. ఒక్క యూనిట్ దాటినా మొదటి 200 మొత్తానికి 5.10 పడుతుంది, ఆపైన యూనిట్‌కి 7.70. మిగతా చార్జీలు వదిలేసి కరెంటు వరకే లెక్క వేస్తే 199 యూనిట్లకి 815 రూపాయలు, 201కి 1,027. 200 యూనిట్ల దాకా బిల్లు లేకుండా ఇచ్చే ప్రభుత్వ పథకం గృహజ్యోతి ఉన్నవాళ్లకైతే ఇంకా ఘోరం, 200 దాటిన నెల సున్నా బిల్లు పోయి మొత్తం కట్టాల్సిందే. అమ్మ బిల్లు తెచ్చి నా ముందు పెట్టి "ఆ జీపు రెండు యూనిట్లు తీసెయ్యిరా, ఎంతొస్తది?" అంది. 199. చదువుకున్నవాణ్ని, నోట మాట రాలేదు. ఆ నెల జీపు తాగిన రెండు యూనిట్ల ఖరీదు అక్షరాలా 212 రూపాయలు.

సరే, జీపు ఆపలేం కదా, వాడు ఇల్లు పీకి పందిరేస్తాడు. ఆ స్మార్ట్ ప్లగ్‌నే ఇల్లంతా తిప్పాను. ఫోన్ చార్జర్లు ఏమీ కాదు, వాటిని తీసి పెట్టి తీసి పెట్టి మనం అలసిపోవడమే. దొంగ ఎక్కడున్నాడంటే సెట్‌టాప్ బాక్సులో. రిమోట్‌తో ఆపినా పది వాట్లు లాగుతూనే ఉంది, ఇరవై నాలుగ్గంటలూ. నెలకి 7 యూనిట్లు! జీపుకి మూడింతలు, దాన్ని మాత్రం ఎవరూ తిట్టలేదు. మేం టీవీ చూసేది సాయంత్రం మూడు గంటలు, సీరియళ్లు ఎవరివో నేను చెప్పను. ఇప్పుడు గోడ దగ్గర స్విచ్చే ఆపుతున్నాం, సీరియల్‌కి రెండు నిమిషాల ముందు వేసుకోవాలి, అంతే. ఆ తర్వాత ఫ్యాన్లు. హాల్లో, పడగ్గదిలో పాతవి 75 వాట్లవి. ఒక్కోటి మూడు వేలు పెట్టి బీఎల్‌డీసీవి (తక్కువ కరెంటుతో తిరిగే మోటారున్నవి), ఐదు స్టార్లవి వేయించాను, అవి 30 వాట్లు. రోజుకి పన్నెండు గంటలు తిరుగుతాయి, ఒక్కో ఫ్యానుకి నెలకి 16 యూనిట్లు తగ్గాయి. జీపు కొనకపోతే ఆ ఫ్యాన్లు ఇంకో పదేళ్లు అలాగే తిరిగేవి. ఆగస్టు నుంచి మళ్లీ 200 దాటలేదు, అమ్మ ప్రతి నెలా బిల్లు వచ్చిన రోజు చిన్నోణ్ని పిలిచి "నీ బండి బతికిపోయిందిరా" అంటుంది. స్మార్ట్ ప్లగ్ తనంతట తనే కొంచెం కరెంటు తింటుందని తెలిశాక దాన్ని ఆఫీసులో ఒకతనికి ఇచ్చేశాను.

కాబట్టి కరెంటు సంగతి టెన్షన్ పడే విషయం కాదు. అసలు ఖర్చు బ్యాటరీది, ఆ పాఠానికి నేను ఫీజు కూడా కట్టాను. దసరాకి జగిత్యాల వెళ్లాం, పన్నెండు రోజులు. వెళ్లే ముందు రోజు సాయంత్రం వాడు బండిని పూర్తిగా దిగేదాకా నడిపాడు, హడావుడిలో చార్జింగ్ పెట్టలేదు, పైగా బండి మెయిన్ స్విచ్ ఆన్‌లోనే ఉండిపోయింది. వచ్చి పెడితే చార్జర్ లైటు గంటకే పచ్చగా మారిపోయింది, తీరా చూస్తే బండి పది నిమిషాలు కూడా పోలేదు. ఇవి లెడ్ యాసిడ్ బ్యాటరీలు, ఖాళీగా వదిలేస్తే లోపల పలకల మీద సల్ఫేట్ గట్టిపడిపోతుంది, ఇక చార్జ్ పట్టవు. ఆడిన ప్రతిసారీ, సగమే అయినా సరే, వెంటనే ఎక్కించాలి. ఆడకపోయినా నెలకోసారి పెట్టాలి. ఇది డబ్బాలో ఇచ్చిన కాగితంలో ఉంది, చీమ తలంత అక్షరాల్లో.

కొన్న దుకాణంలో అడిగితే కొత్త బ్యాటరీ పద్దెనిమిది వందలన్నాడు. ఇంటి దగ్గర కంప్యూటర్లు బాగుచేసే అతను చూసి నవ్వి, "ఇది యూపీఎస్ బ్యాటరీనే కదన్నా" అని పదకొండు వందలకి కొత్తది ఇచ్చి, పాతది తీసుకుని అందులో నూట యాభై తగ్గించాడు. నిజమే, చిన్న యూపీఎస్‌లలో ఉండేది కూడా ఇదే 12 వోల్టులు 7 ఏహెచ్. వైర్లు తగిలించే పిన్నుల వెడల్పు ఒక్కటి సరిపోవాలి, అందుకే పాతది చేతిలో పట్టుకుని వెళ్లండి. పాతదాన్ని చెత్తబండిలో మాత్రం వేయొద్దు, లోపల సీసం, ఆమ్లం ఉంటాయి.

లైట్లు, పాటలు బాగానే పనిచేస్తున్నాయి, పాటల సౌండ్ తగ్గించే బటన్ మాత్రం మూడో వారంలోనే పోయింది, పెద్దదే ఉండిపోయింది. అద్దం ఒకటి విరిగింది, అది వీడి తప్పే. సీటు బెల్టు ఉత్త అలంకారం, లాగితే ఊడి వస్తుంది.

ఇంకో నిజం కూడా చెప్పాలి. మా అక్క కూతురి పాత మూడు చక్రాల సైకిల్ మా ఇంట్లోనే ఉంటుంది. మొదటి రెండు నెలలు దాని మొహం చూడలేదు కానీ ఇప్పుడు వాడు జీపు ఎక్కేది వారానికి మూడు రోజులైతే, ఆ సైకిల్ రోజూ తొక్కుతున్నాడు. దానికి చార్జింగ్ అక్కర్లేదు, కాళ్లు కూడా ఆడతాయి, ఒంట్లో ఉన్న అల్లరి కొంచెం కరిగి రాత్రి తొమ్మిదికల్లా పడుకుంటాడు. జీపులో కూర్చుని రాజాలాగా తిరిగిన రోజు పదకొండైనా నిద్రపోడు. మీ పిల్లాడికి ఇంకా సైకిల్ కొనకపోతే ముందు అది కొనండి, ఎనిమిది వేలు మిగులుతాయి.

బండికి నేను ఐదుకి మూడున్నర ఇస్తాను, ఫోమ్ టైర్లుంటే నాలుగు ఇచ్చేవాణ్ని. దుకాణానికి మూడు. మొన్నటి నుంచి ఎడమ వెనక చక్రం దగ్గర టకటక చప్పుడు వస్తోంది, లోపల ప్లాస్టిక్ పళ్లచక్రం అరిగినట్టుంది. మోటారుతో సహా ఆ గేరు డబ్బా మొత్తం కోఠీలో ఆరు వందలకి దొరుకుతుందట. ఆదివారం వెళ్లాలి, అమ్మకి ఇంకా చెప్పలేదు.