చవక టేబుల్ సా కొనాలా వద్దా: మూడేళ్లు దాటిన వాడకం తరువాత

సరదాగా చెక్కపని చేసుకునేవాళ్లు ఇరవై వేల రూపాయల లోపు దొరికే టేబుల్ సా (బల్ల మధ్య నుంచి పైకి లేచిన గుండ్రటి రంపం తిరిగే యంత్రం) కొనవచ్చా అంటే, ఒకే వెడల్పు బద్దలు మళ్లీ మళ్లీ కోయవలసిన పని ఉన్నవాళ్లు కొనవచ్చు, మిగిలినవాళ్లకు అక్కరలేదు అన్నది నా అభిప్రాయం. నల్లగొండలో మా ఇంటి వెనుక రేకుల షెడ్డులో అలాంటి యంత్రాన్ని మూడేళ్లకు పైగా నడిపాను. దానితో వచ్చిన బ్లేడు, మోటారులో తిరిగే భాగానికి కరెంటు అందించే మొదటి జత కార్బన్ బ్రష్షులు రెండూ అరిగిపోయాయి కాబట్టి, పెట్టె విప్పిన వారంలో రాసే సమీక్షల్లో కనబడని సంగతులు కొన్ని చెప్పగలను. కంపెనీ పేరు రాయడం లేదు. ఈ ధరలో దొరికేవి చాలావరకు ఒకే నమూనాకు వేర్వేరు రంగులు వేసినట్లుంటాయి, వాటి బాగోగులు కూడా దాదాపు ఒక్కటే.

నాది 10 అంగుళాల, అంటే 254 మిల్లీమీటర్ల బ్లేడు పట్టే యంత్రం. 1800 వాట్ల బ్రష్ మోటారు, నిమిషానికి 4800 చుట్లు, అల్యూమినియం బల్ల, వంచిన రేకుతో చేసిన కాళ్లు. నేను చేసేవి పీటలు, ఫోటో ఫ్రేములు, పుస్తకాల అరలు, చిన్న చిన్న పెట్టెలు. కొత్త టేకు కొనేది తక్కువ; పాత ఇండ్లు కూల్చినప్పుడు అమ్మకానికి వచ్చే దర్వాజలు, దూలాలు, దంతెలే నాకు కలప. అవి ఏండ్ల తరబడి ఎండినవి కాబట్టి కోసిన తరువాత పెద్దగా వంకర పోవు, కానీ వాటి లోపల విరిగిన మేకులు మిగిలి ఉంటాయి. ఒక్క మేకు తగిలినా బ్లేడు పళ్లకు అతికించిన కార్బైడ్ ముక్కలు లేచిపోతాయి. అందుకే దారానికి కట్టిన అయస్కాంతాన్ని ముందు చెక్క పొడుగునా నడిపి చూస్తాను. పైపొరలో ఇనుము ఉన్నచోట దారం పక్కకు లాగుతుంది, అక్కడ ఉలితో తవ్వి మేకు తీసిన తరువాతే చెక్క యంత్రం ఎక్కుతుంది.

కొనేవాళ్లంతా మోటారు బలం గురించే అడుగుతారు గానీ, అది పెద్ద చిక్కు కాదు. అంగుళం మందం టేకును ఇది ఆగకుండా నిలువుగా, అంటే నార వెంట, కోస్తుంది. రెండు అంగుళాల ఎండిన నల్ల తుమ్మ పెడితే మాత్రం మోత మారుతుంది, చుట్లు తగ్గుతాయి, నెమ్మదిగా తోయకపోతే మోటారు ఆగిపోయేటట్లు మూలుగుతుంది. యంత్రంతో పాటు ఇచ్చిన 40 పళ్ల బ్లేడు ఏ పనికీ సరిగ్గా కుదరలేదు. దాని స్థానంలో 24 పళ్లది బిగించగానే నిలువు కోతలో అదే మోటారుకు కొత్త బలం వచ్చినట్లయింది, ఎందుకంటే పళ్ల మధ్య ఖాళీ ఎక్కువగా ఉండి పొట్టు సులువుగా బయటికి పోతుంది. ప్లైవుడ్ పైపొర చిట్లకుండా ఉండాలంటే 60 పళ్ల బ్లేడు వేరుగా ఉండాలి. టేకులో సహజంగానే సిలికా ఉంటుంది కాబట్టి, మామిడి చెక్క కోసినప్పటి కంటే పళ్లు తొందరగా మొద్దుబారతాయి. బ్లేడు కొనేటప్పుడు నడిమి రంధ్రం 30 మిల్లీమీటర్లదా, 25.4 మిల్లీమీటర్లదా అన్నది యంత్రం ఇరుసుతో సరిపోల్చుకోవాలి.

అసలు లోపం గైడులో ఉంది. కోత వెడల్పును నిర్ణయించే ఈ అల్యూమినియం పట్టీ బ్లేడుకు సమాంతరంగా నిలబడాలి. మంచి యంత్రాల్లో లివరు నొక్కగానే అది సరిగ్గా కుదురుకుంటుంది. నా దాంట్లో ముందు కొస బిగిసిన తరువాత కూడా వెనుక కొస కొద్దిగా జరుగుతుంది. ఆ జరిగేది మిల్లీమీటరుకు మించదు, అయినా దాని ఫలితం చిన్నది కాదు. వెనుక కొస బ్లేడు వైపు జరిగితే చెక్క గైడుకు, వెనుక పళ్లకు మధ్య ఇరుక్కుని అంచు నల్లగా మాడుతుంది, అదను దొరికితే ఎగిరి మీదికి వస్తుంది. అవతలికి జరిగితే కోత పొడుగునా వంపు గీతలు పడి, రందా పట్టే పని మిగులుతుంది. ముందు అతికించిన స్కేలు సంగతి చెప్పనక్కరలేదు, బ్లేడు మందం మారినప్పుడల్లా దాని సున్నా తప్పుతుంది. మా వీధి చివర దుకాణం నడిపే వడ్ల మేస్త్రీ యంత్రాన్ని చూసీ చూడగానే, "గీ స్కేలు జూసి కొయ్యకుండ్రి సారూ, టేపు వెట్టి రెండు దిక్కుల కొల్వుండ్రి" అన్నాడు.

నేను అనుసరించే పద్ధతి కూడా అదే, కాకపోతే టేపుకు బదులు గోనియా (లంబకోణపు కొలబద్ద) వాడతాను. ప్లగ్గు తీసి, బ్లేడును పూర్తిగా పైకి లేపి, ఒక పంటికి పెన్సిలుతో గుర్తు పెట్టాలి. ఆ పన్ను ముందువైపు ఉన్నప్పుడు బల్ల మీద బ్లేడు పక్కన దానికి సమాంతరంగా ఉండే మైటర్ గాడి నుంచి ఎంత దూరంలో ఉందో చూసి, చేత్తో బ్లేడు తిప్పి అదే పంటిని వెనుకకు తెచ్చి మళ్లీ చూడాలి. ఒకే పంటిని రెండుచోట్లా చూడడం వల్ల బ్లేడులో స్వల్పంగా ఉండే వంకర లెక్కలోకి రాదు. తేడా ఉంటే బల్ల కింద మోటారును పట్టి ఉంచే బోల్టులు వదులు చేసి సరిచేయాలి. ఇది కొన్నప్పుడు తప్పనిసరి, ఆ తరువాత అరుదుగా అవసరపడుతుంది. గైడును మాత్రం జరిపిన ప్రతిసారీ గాడి నుంచి ముందు, వెనుక కొలిచి, వెనుక కొసను బల్లకు సి క్లాంపుతో బిగించవలసిందే. గైడుకు తిన్నని ప్లైవుడ్ పట్టీ ఒకటి మరలతో తగిలించిన తరువాత దాని వంపు కూడా పోయింది. ఇంత శ్రద్ధ తీసుకుంటే రెండడుగుల బద్దలో ఈ కొసకూ ఆ కొసకూ అర మిల్లీమీటరు తేడా కూడా రావడం లేదు, పెట్టెలకు, ఫ్రేములకు అది చాలు. ఈ శ్రద్ధకు ఓపిక లేనివాళ్లు ఈ ధరలో టేబుల్ సా జోలికి పోకపోవడమే మేలు. మైటర్ గాడి కొలత మామూలు ముప్పావు అంగుళం కాకపోవడం వల్ల బజారులో దొరికే సరంజామా ఏదీ అందులో పట్టలేదు. అడ్డకోతల కోసం తుమ్మ పట్టీలతో ఒక స్లెడ్డు, అంటే చెక్కను మోసుకుంటూ గాడి వెంట జరిగే పలక, చేసుకున్నాను, అది యంత్రంతో వచ్చిన మైటర్ గేజ్ (చెక్కను ఆనించి గాడి వెంట తోసే పట్టీ) కంటే ఎంతో నయం.

కరెంటు విషయం. 230 వోల్టుల వద్ద 1800 వాట్లంటే దాదాపు 8 ఆంపియర్లు, మొదలయ్యే క్షణంలో ఇంకా ఎక్కువే లాగుతుంది, కాబట్టి ఫ్యాను, టీవీలకు వాడే 6 ఆంపియర్ల సాకెట్టు దీనికి పనికిరాదు. ఎర్తింగు ఉన్న 16 ఆంపియర్ల సాకెట్టు, 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు కావాలి. ఇంటి ఇన్వర్టరు మీద నడపాలన్న ఆలోచన పెట్టుకోవద్దు. ఎండాకాలం మధ్యాహ్నాల్లో వోల్టేజి తగ్గితే చుట్లు తగ్గుతాయి, పైగా మే నెలలో రేకుల కింద ఆ బల్ల మీద అరచెయ్యి ఆనదు. మందపు కోతలన్నీ పొద్దున్నే ముగించడం నాకు అలవాటైంది.

కరెంటు పోయి వస్తుండే మనలాంటి ఊళ్లలో స్విచ్చు రకం చాలా ముఖ్యం. కోత మధ్యలో కరెంటు పోతే మనం స్విచ్చు సంగతి మరిచి చెక్కను సర్దుతుంటాం, అది తిరిగి వచ్చిన క్షణంలో బ్లేడు లేచి తిరగకూడదు. కరెంటు పోగానే తనంతట తానే ఆఫ్ అయి, మళ్లీ పచ్చ బొత్తాం నొక్కితే తప్ప మొదలు కాని స్విచ్చును నో వోల్ట్ రిలీజ్ స్విచ్చు అంటారు. నా యంత్రానికి అది ఉంది; ఇంకా తక్కువ ధరలో మామూలు స్విచ్చుతో వచ్చేవి ఉన్నాయి, వాటిని ఎంత తగ్గించి ఇచ్చినా కొనకూడదు.

ఈ బ్లేడు అంచు వేగం లెక్క కడితే గంటకు సుమారు 230 కిలోమీటర్లు వస్తుంది. ఇరుక్కున్న చెక్కను అది విసిరేది మనం నిలబడే వైపుకే. దాన్ని ఆపడానికి బ్లేడు వెనుక నిలువుగా నిలిచి, కోసిన రెండు ముక్కలు మళ్లీ దగ్గరికి రాకుండా చూసే రేకు ఉంటుంది, దాని పేరు రైవింగ్ నైఫ్. ఆ రేకు మందం బ్లేడు దిమ్మ (పళ్లు కాని భాగం) కంటే ఎక్కువగా, కోత వెడల్పు కంటే తక్కువగా ఉండాలి. చవకగా వస్తుందని మరీ పలుచని బ్లేడు తెచ్చి బిగిస్తే, కోత ఇరుకై చెక్క ఆ రేకుకు తట్టి ఆగిపోతుంది. అప్పుడు చాలామంది రేకునే పీకి పారేస్తారు. మన వడ్రంగి దుకాణాల్లో చేతి కట్టర్‌ను ప్లైవుడ్ బల్ల కింద తలకిందులుగా బిగించి, మీట నొక్కే ఉండేటట్లు తాడు కట్టి వాడడం మామూలు. దానికి ఈ రేకు ఉండదు, మూత ఉండదు, ఆపాలంటే ప్లగ్గు పీకాలి. ముప్పై ఏండ్ల చేతివాటం ఉన్నవాళ్లు దానితో నెట్టుకొస్తారేమో గానీ, ఆదివారాలు పని చేసే మనకు చవక టేబుల్ సా అయినా దాని కంటే మెరుగే. బ్లేడుకు నేరుగా వెనుక నిలబడకపోవడం, సన్న బద్దలను చేత్తో కాక తోపుడు కర్రతో తోయడం, చేతులకు గ్లవ్స్, మెడలో కండువా లేకుండా పని చేయడం వీటిలో దేనికీ ఖర్చు లేదు.

పొట్టు చాలావరకు బల్ల కిందికి, మిగిలింది ముక్కులోకి పోతుంది. గట్టి చెక్కల దుమ్ము క్యాన్సరు కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 1995లోనే వర్గీకరించింది, కాబట్టి ఎన్95 మాస్కు లేకుండా కోయడం లేదు. వేప కోసిన రోజు ఆ చేదు వాసన గొంతులో పట్టుకుంటుంది. చెవులకు కూడా రక్షణ కావాలి, ఈ రకం మోటారు మోత పక్కింటి వాళ్లతో సంబంధాలు చెడగొట్టేంత ఉంటుంది. బ్లేడు ఎత్తు మార్చే మర పళ్లలో పొట్టు గడ్డకట్టి చక్రం తిరగకుండా పోవడం ఈ యంత్రాల సాధారణ జబ్బు. నూనె పోస్తే పొట్టు ఇంకా అంటుకుంటుంది. పాత టూత్ బ్రష్షుతో రుద్ది, మైనపు వత్తిని మర మీద రాస్తే చాలా రోజులు సాఫీగా తిరుగుతుంది. కార్బన్ బ్రష్షులు అరిగినప్పుడు కంపెనీ నుంచి తెప్పించలేకపోయాను. మోటారు వైండింగు చేసే దుకాణంలో వేరే యంత్రానివి ఇచ్చారు, అవి కొంచెం వెడల్పుగా ఉంటే ఇసుక కాగితం మీద నలుపక్కలా అరగదీసి, గూటిలో బిగుసుకోకుండా జారేటట్లు చేసి పెట్టాను, ఇప్పటికీ అవే నడుస్తున్నాయి.

వేరే దారులూ ఉన్నాయి. ఏడాదికి ఒక మంచమో, బల్లో చేసేవాళ్లు కొలతలు రాసుకుని కలప డిపోలోనే కోయించుకుంటే ఇంట్లో చోటు మిగులుతుంది, దుమ్ము, భయం రెండూ తప్పుతాయి. పెద్ద ప్లైవుడ్ పలకలను ఈ చిన్న బల్ల మీద ఒక్కరే నిలబెట్టి కోయడం ప్రమాదం కూడా. నేను వాటిని నేల మీద పరిచి, తిన్నని అల్యూమినియం పట్టీని ఆనిక చేసుకుని చేతి సర్క్యులర్ సాతోనే కోస్తాను. వడ్రంగులు వాడే బెల్టు మీద నడిచే పాత రందా, రంపం జంట యంత్రం ఏదైనా అమ్మకానికి వస్తే, చోటు ఉన్నవాళ్లు దాన్ని చూడవచ్చు. అందులోది కార్బన్ బ్రష్షులు లేని ఇండక్షన్ మోటారు కాబట్టి మోత తక్కువ, మన్నిక ఎక్కువ, కానీ దానికి కూడా మూత, రేకు పెట్టించుకోవాలి.

కొనాలనే నిర్ణయించుకుంటే దుకాణంలో యంత్రాన్ని బయటికి తీయించి, గైడు బిగించి వెనుక కొసను వేలితో నెట్టి చూడండి. చేతికి తెలిసేంత కదిలితే ఇంకో యంత్రం అడగండి. బల్ల మీద గోనియా అంచు ఆనించి కింద వెలుతురు కనబడుతుందేమో, రైవింగ్ నైఫ్ బ్లేడుతో ఒకే వరుసలో ఉందో లేదో, కార్బన్ బ్రష్షులు ఎక్కడ దొరుకుతాయో డబ్బు కట్టక ముందే తేల్చుకోవాలి. చేతిలో ఉన్న మొత్తమంతా యంత్రానికే పెట్టకుండా రెండు మంచి బ్లేడులకు, క్లాంపులకు, మాస్కుకు, సాకెట్టు మార్పించడానికి ఒక ఐదారు వేలు పక్కన పెట్టుకోవాలి.