చిన్న బెట్టా ట్యాంకులో స్పాంజ్ ఫిల్టర్: ప్రవాహం, శుభ్రత ఎలా ఉన్నాయి?

20 లీటర్ల ట్యాంకులో ఒక్క బెట్టా చేపను పెంచుతున్నాను. అందులో మొదట అద్దానికి తగిలించే మోటారు ఫిల్టర్ ఉండేది; దాన్ని తీసేసి, ఎయిర్ పంపుతో నడిచే చిన్న స్పాంజ్ ఫిల్టర్ పెట్టాను. నీళ్లు శుభ్రంగా ఉండాలంటే ప్రవాహం గట్టిగా ఉండాలి, బెట్టా హాయిగా ఉండాలంటే ప్రవాహం ఉండకూడదు అనే చిక్కు చిన్న ట్యాంకు పెట్టుకున్న ప్రతి ఒక్కరికీ ఎదురవుతుంది. ఈ రెండింటికీ నిజానికి పేచీ లేదని ఈ ఫిల్టర్ వాడాక నాకు స్పష్టంగా అర్థమైంది.

బెట్టా స్ప్లెండెన్స్ స్వస్థలం థాయ్‌లాండ్. అక్కడి లోతు తక్కువ, కదలిక తక్కువ ఉండే నీళ్లలో బతకడానికి తగినట్టుగా దాని శరీరం ఏర్పడింది. మొప్పలతోపాటు లాబిరింత్ అనే అవయవం ఉండటం వల్ల అది నీటి పైకి వచ్చి నేరుగా గాలి పీల్చుకోగలదు. మనం పెంచే పొడవు రెక్కల రకాలకు ఆ రెక్కలే పెద్ద బరువు. మోటారు ఫిల్టర్ నుంచి నీళ్లు జోరుగా పడుతున్నప్పుడు గాలి కోసం పైకి వచ్చిన ప్రతిసారీ చేప ప్రవాహానికి ఎదురీదాల్సి వచ్చేది. కాసేపటికి అలసిపోయి హీటర్ వెనుక సందులో రెక్కలు ముడుచుకుని ఉండిపోయేది. స్పాంజ్ ఫిల్టర్ పెట్టిన తర్వాత అది ట్యాంకు అంతటా తిరుగుతోంది, నీటి పైభాగానికి దగ్గరగా ఉన్న అనూబియాస్ మొక్క ఆకు మీద వాలి విశ్రాంతి తీసుకుంటోంది.

ఇది పనిచేసే పద్ధతి చాలా సులువు. పంపు నుంచి వచ్చే గాలి నిలువు గొట్టంలో బుడగలుగా పైకి లేస్తూ తనతోపాటు నీటిని కూడా లాక్కుపోతుంది. ఆ ఖాళీని నింపడానికి చుట్టూ ఉన్న నీళ్లు స్పాంజ్ గుండా నెమ్మదిగా లోపలికి వస్తాయి. స్పాంజ్ రంధ్రాల్లో స్థిరపడిన బాక్టీరియా చేప విసర్జించే అమ్మోనియాను నైట్రైట్‌గా, నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. ఫిల్టర్ అసలు పని ఇదే. దీనికి కావలసింది బాక్టీరియా అంటిపెట్టుకోవడానికి తగినంత చోటు, ఆక్సిజన్ ఉన్న నీళ్లు అంతరాయం లేకుండా రావడం. ఆ చోటు స్పాంజ్‌లో పుష్కలంగా ఉంటుంది కాబట్టి ఒక్క బెట్టాకు మెల్లని ప్రవాహమే సరిపోతుంది. నా ట్యాంకులో పరీక్షించిన ప్రతిసారీ అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాగానే ఉన్నాయి. పీల్చుకునే చోట మోటారు ఫిల్టర్‌కు ఉన్నట్టు గట్టి సందులు లేకపోవడం వల్ల రెక్కలు చిక్కుకుని చిరిగే భయం కూడా లేదు.

అయితే పంపును ఉన్నది ఉన్నట్టు బిగిస్తే చిన్న ట్యాంకులో ఇది కూడా ఎక్కువే అవుతుంది. గాలి గొట్టం మధ్యలో ఒక కంట్రోల్ వాల్వ్ పెట్టి, బుడగలు వరుసగా వస్తూ నీటి పైభాగం కొద్దిగా మాత్రమే కదిలేలా తిప్పుకోవాలి. ఆ మాత్రం కదలిక ఉంటే నీటి మీద జిడ్డు పొర కట్టదు, హీటర్ వేడి కూడా అంతటా సర్దుకుంటుంది. మగ బెట్టా నురుగు గూడు కట్టుకోవాలంటే బుడగలు తగలని ఒక మూల దానికి ఉండాలి. అందుకే ఫిల్టర్‌ను ఒక చివరకు జరిపి పెట్టాను. నీళ్లు వెనక్కి రాకుండా ఆపే చెక్ వాల్వ్ కూడా గాలి గొట్టానికి తప్పనిసరి. అది లేకుండా, పంపు నీటిమట్టం కంటే కింద ఉన్నప్పుడు కరెంటు పోతే ట్యాంకు నీళ్లు గొట్టం గుండా వెనక్కి పంపులోకి వచ్చేస్తాయి. శబ్దం విషయంలో మాత్రం ఫిర్యాదు ఉంది: పెద్ద బుడగలు పగిలే చప్పుడు రాత్రి నిశ్శబ్దంలో బాగా వినిపిస్తుంది. నిలువు గొట్టం లోపల చిన్న ఎయిర్ స్టోన్ (గాలిని చిన్న బుడగలుగా వదిలే రంధ్రాల రాయి) అమర్చితే బుడగలు సన్నబడి ఆ చప్పుడు చాలావరకు తగ్గుతుంది.

శుభ్రత దగ్గరకు వస్తే దీని పరిమితి తెలుస్తుంది. నీటిలో తేలే సన్నని నలుసులను కొంతవరకు పట్టుకుంటుంది కానీ, అడుగున పడిన మలాన్ని, తినకుండా వదిలేసిన మేతను లాగే శక్తి దీనికి లేదు. అవి కుళ్లితే అమ్మోనియా పెరుగుతుంది. వారానికి ఒకసారి సన్నని గొట్టంతో అడుగును సైఫన్ చేసి, పాతిక శాతం వరకు నీళ్లు మార్చాల్సిందే. తయారైన నైట్రేట్‌ను బయటికి పంపే ప్రధాన మార్గం కూడా అదే. కొత్తగా పోసే నీళ్లకు క్లోరిన్‌ను పోగొట్టే డీక్లోరినేటర్ కలపాలి, వాటి వెచ్చదనం ట్యాంకు నీళ్లకు దగ్గరగా ఉండాలి. మేత కొద్దిగా వేయడం ఏ ఫిల్టర్ కన్నా ఎక్కువ మేలు చేస్తుందని నా గట్టి నమ్మకం.

స్పాంజ్‌ను కడగడంలోనే చాలామంది దెబ్బతింటున్నారు. తళతళలాడేలా కుళాయి కింద రుద్ది కడిగితే క్లోరిన్ తగిలి బాక్టీరియా చచ్చిపోతుంది. ట్యాంకు చూడటానికి శుభ్రంగా ఉన్నా, కొన్ని రోజుల్లో అమ్మోనియా పెరగవచ్చు. నీళ్లు మార్చేటప్పుడు తీసిన ట్యాంకు నీటినే ఒక బకెట్‌లో ఉంచుకుని, స్పాంజ్‌ను అందులో ముంచి మెల్లగా నాలుగైదుసార్లు పిండితే చాలు. బకెట్ నీళ్లు టీ డికాషన్ రంగుకు మారతాయి, స్పాంజ్ మాత్రం గోధుమ రంగులోనే మిగులుతుంది, అలాగే ఉండాలి. బయటికి తీసేటప్పుడు మురికి రాలకుండా ఒక ప్లాస్టిక్ సంచిని నీటిలోనే దాని చుట్టూ తొడిగి పైకి లేపడం మంచిది. ఇన్ని రోజులకు ఒకసారి అని లెక్క పెట్టుకోనక్కర్లేదు. వాల్వ్ తిప్పకపోయినా గొట్టంలోంచి నీళ్లు మునుపటంత రావడం లేదంటే స్పాంజ్ పూడుకుపోయిందని అర్థం.

అలంకరణకు ప్రాధాన్యం ఇచ్చేవారికి ఇది నచ్చకపోవచ్చు, ఎందుకంటే చిన్న ట్యాంకులో కంటికి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. వెనుక ఒక గుబురు మొక్క పెట్టినా పూర్తిగా దాగదు. విడిభాగాల్లో అరిగేది దాదాపు స్పాంజ్ ఒక్కటే. పిండినప్పుడు తిరిగి పొంగకుండా మెత్తబడిపోతే మార్చాలి. పాతదాన్ని వెంటనే పారేయకుండా, కొత్త స్పాంజ్‌ను దాని పక్కనే కనీసం నాలుగు వారాలు నీటిలో నడవనిచ్చి, బాక్టీరియా అందులోకి చేరాకే పాతది తీయాలి.